వరద తగ్గాక రాసే జాబితా

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలు గుర్తున్నాయి కదా! ఖమ్మంలో మున్నేరు ఉప్పొంగింది. తిరుమలాయపాలెం మండలం రాకాసి తండాను ఆకేరు వాగు ముంచెత్తింది. మహబూబాబాద్ జిల్లాలో సీతారాం తండా నీట మునిగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. విజయవాడను బుడమేరు ముంచితే, ప్రకాశం బ్యారేజీ నుంచి ముందెన్నడూ లేనంతగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ నీరు కిందికి వెళ్లింది. పడవలు, డ్రోన్లు, హెలికాప్టర్లు టీవీల్లో చూశాం. వారం తిరిగేసరికి కెమెరాలు వేరే వార్త వెతుక్కున్నాయి. సరిగ్గా అప్పుడే ఊళ్లోకి ఇంకో మనిషి వస్తారు. చేతిలో ట్యాబో, ఫారాల కట్టో ఉంటుంది. నష్టం నమోదు చేసేది ఆయనే. ఆయన రాసుకున్నదాన్ని బట్టే ఆ ఇంటికి సాయం వస్తుంది. రాయకపోతే రాదు.

ఈ పేజీ చదివే మీలో చాలామంది ప్రిపేరవుతున్నది ఆ మనిషి ఉద్యోగానికే. పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, గ్రామ వ్యవసాయ సహాయకులు, సర్వేయరు, తెలంగాణలో అయితే వ్యవసాయ విస్తరణ అధికారి. నోటిఫికేషన్ ఏదైనా, వరద వచ్చినప్పుడు వీళ్లందరి మెడకూ పడే పని ఇదే. గ్రూప్స్ సిలబస్‌లోనూ విపత్తు నిర్వహణ ఉంది. కానీ మన కోచింగ్ పుస్తకాల్లో అది విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చిందనే దగ్గర మొదలై, జాతీయ సంస్థకు ఛైర్మన్ ప్రధానమంత్రి అనే దగ్గర ఆగిపోతుంది. ఆ రెండు బిట్లకు రెండు మార్కులు వస్తాయి. కూలిన గోడ ముందు నిలబడి ఏం రాయాలో మాత్రం ఏ బిట్ బ్యాంకూ చెప్పదు.

అక్కడ ఏం రాయాలనేది చిన్న విషయం కాదు. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ నిధి నిబంధనలు ఒకసారి చూడండి. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా దెబ్బతింటే 1,20,000 రూపాయలు. కచ్చా ఇల్లు పాక్షికంగా దెబ్బతింటే 4,000. అదే కట్టడాన్ని ఇల్లు అనకుండా గుడిసె అని రాస్తే 8,000. మట్టి గోడలు, పైన సగం పెంకులు, సగం తాటాకు, వాననీళ్లు కారకుండా ఓ ప్లాస్టిక్ పట్టా. ఇది ఇల్లా, గుడిసెనా? గుడిసె అంటే కచ్చా ఇంటికన్నా తక్కువ స్థాయిది, తాత్కాలికమైనది అని నిబంధన చెబుతుంది. ఇరవై ఏళ్లుగా అందులోనే పిల్లల్ని పెంచిన తల్లికి అది తాత్కాలికం ఎలా అవుతుంది? ఫారంలో ఒక గడిలో టిక్కు పెడితే లక్షా ఇరవై వేలు, పక్క గడిలో పెడితే ఎనిమిది వేలు. మూడు నాలుగు వందల ఇళ్లను రెండు రోజుల్లో ముగించమని పైనుంచి ఫోన్లు వస్తుంటే, ఆ టిక్కు పెట్టడానికి దొరికేది అరనిమిషం.

ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. మట్టి గోడ నీళ్లలో ఉన్నప్పుడే పడిపోవాలని లేదు. అడుగున నాని, నీరు తీశాక ఎండకు బీటలిచ్చి, పది పదిహేను రోజుల తర్వాత ఓ రాత్రి కూలుతుంది. సర్వే అయిదో రోజే అయిపోయి ఉంటుంది. ఆ ఇంటి ఎదురుగా 'పాక్షికం' అని రాసి ఉంటుంది, లేదంటే అసలు ఏమీ రాసి ఉండదు. రెండోసారి వెళ్లి చూడాలన్న ఏర్పాటు లేకపోతే ఆ కుటుంబం కథ అక్కడితో సరి.

పంటల దగ్గరకొద్దాం. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ. వర్షాధార భూమికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, పండ్ల తోటల్లాంటి వాటికి 22,500. అదీ రెండు హెక్టార్ల వరకే, అంటే అయిదెకరాలు. ఎకరానికి లెక్క వేస్తే మాగాణి వరికి ఏడు వేలు కూడా రాదు. 2024లో రెండు రాష్ట్రాలూ ఎకరాకు 10 వేలు ప్రకటించింది అందుకే. ఇది పరిహారం కాదు, మళ్లీ విత్తనం కొనుక్కోవడానికి చేయూత అని నిబంధనల ఉద్దేశం. కాదనం. కానీ ఆ చేయూత కూడా 33 అన్న అంకె దాటాలి. 30 శాతం పోయిన రైతుకు సున్నా. ముప్ఫైకీ ముప్ఫై మూడుకూ తేడా హెలికాప్టర్ కిటికీలోంచి కనపడదు, గట్టు మీద బండి ఆపి చూసినా కనపడదు. చేలో దిగాలి. దుబ్బు పీకి వేరు కుళ్లిందో లేదో చూడాలి. పొట్ట దశలో మునిగిన వరి పైకి పచ్చగానే ఉంటుంది. కంకి బయటకు వచ్చాకే తాలు సంగతి తెలుస్తుంది. నీళ్లుండగా వెళ్తే అంచనా కుదరదు. మరీ ఆలస్యంగా వెళ్తే రైతు చేను దున్నేసి మళ్లీ నాటేసి ఉంటాడు. అదును దాటిపోతుంటే అధికారి వచ్చేదాకా ఎవరు మాత్రం ఆగుతారు? అప్పుడు 'నష్టం కనిపించలేదు' అని రాసుకుపోతే అది అబద్ధం కాదు, న్యాయమూ కాదు.

ఇసుక మేటలదీ ఇంతే. చేలో మూడంగుళాలకు మించి ఇసుకో, ఒండ్రో పేరుకుంటే తొలగించడానికి హెక్టారుకు 18,000 ఇచ్చే నిబంధన ఉంది. ఊళ్లో చాలామందికి ఇలాంటి పద్దు ఒకటి ఉందనే తెలియదు. పాడి గేదె చనిపోతే 37,500, మేకకో గొర్రెకో 4,000. కళేబరం ఉంటే పశువైద్యుడు ధ్రువీకరిస్తారు. వరదలో కొట్టుకుపోయిన గేదెకు కళేబరం ఎక్కడి నుంచి తెస్తారు? కట్టుకొయ్య, పాల కేంద్రం పుస్తకంలో పోసిన పాల లెక్క, పక్కింటివాళ్ల మాట... వీటిని సాక్ష్యంగా తీసుకుని రాయాలా వద్దా అన్నది ఆ నమోదు చేసే మనిషి ఓపిక మీదే ఆధారపడి ఉంటుంది.

వీటన్నిటికన్నా పెద్ద చిల్లు కౌలు రైతు దగ్గర ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వరి పొలాల్లో దిగి పనిచేసేవాళ్లలో కౌలుదారులు ఎంతమందో మీ ఊరు చూసినా తెలుస్తుంది. ఒప్పందం నోటిమాట. భూమి యజమాని హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకు కార్డు ఇస్తారు. దానికి యజమాని అంగీకారం కావాలి, సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని ఆయన భయం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చారు, అదీ అందరికీ అందలేదు. కార్డు లేకపోతే ఈ-పంటలో పేరుండదు, పేరు లేకపోతే సాయం పాస్‌పుస్తకం ఉన్నవారి ఖాతాలో పడుతుంది. అప్పు తెచ్చి నాటినవాడు చేలో, డబ్బు సెల్‌ఫోన్ మెసేజీగా ఇంకెక్కడో. 2023 మార్చి వడగళ్ల వానల తర్వాత తెలంగాణలో కౌలు రైతులకూ ఎకరాకు 10 వేల సాయం అందాలని అప్పటి ముఖ్యమంత్రి పొలాల గట్ల మీదే ప్రకటించారు. అంటే ప్రభుత్వం తలుచుకుంటే దారి ఉంటుంది. కానీ చేలో నిలబడి 'ఇది ఎవరు సాగు చేస్తున్నారు?' అని నలుగురిని అడిగి, వచ్చిన జవాబు రాసుకునే మనిషి లేకపోతే ఆ ప్రకటన ప్రకటనగానే మిగులుతుంది.

అందుకే ప్రభుత్వాలను మేం అడుగుతున్నది ఒక్కటే. ముసాయిదా జాబితాను గోడకు అంటించే పద్ధతి ఇప్పటికే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పంట నష్టం పేర్లను రైతు కేంద్రాల్లో ప్రదర్శిస్తున్నారు. మంచిదే. కానీ ఆ కాగితంలో వచ్చిన పేర్లే ఉంటాయి, రానివి ఉండవు. తన పేరు ఎందుకు రాలేదో తెలియని మనిషి ఎవరిని నిలదీయాలి? విజయవాడ వరదల తర్వాత పేరు లేదని మళ్లీ అర్జీలు పెట్టుకున్న కుటుంబాల గోడు అదే. అసలు సర్వేకు రాలేదా, వచ్చి అర్హత లేదన్నారా, ఆధార్‌కు బ్యాంకు ఖాతా ముడిపడక ఆగిందా? కాబట్టి రెండో జాబితా కూడా అంటించాలి. చూసి, కాదన్న ఇళ్లు, చేలు, పక్కనే కారణం. 'నష్టం 30 శాతం', 'ఖాతా పనిచేయడం లేదు', 'తాళం వేసి ఉంది' అని తెలుగులో, అందరికీ కనపడేలా. అభ్యంతరం చెప్పడానికి వారం గడువు, కూలిన గోడల కోసం రెండోసారి తనిఖీ. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. కారణం రాయాల్సి వస్తుందంటే టిక్కు పెట్టే చెయ్యి కాస్త ఆగి పెడుతుంది. నమోదు చేసే ఉద్యోగికీ ఇది రక్షణే. 'నాయకుడి మనుషుల పేర్లే రాశావ్' అన్న నింద వచ్చినప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది.

సాయం పంచడంలోనూ ఇదే చూపు కావాలి. 2024లో విజయవాడలో నీరు తగ్గుతున్న రోజుల్లో, అదే బుడమేరు నీరు కొల్లేరు వైపు పోతూ కృష్ణా జిల్లా నందివాడ మండలం ఊళ్లను ముంచి ఉంచింది. నగరానికి వచ్చినన్ని లారీలు అక్కడికి రాలేదు. ఇది ఎక్కడైనా జరిగేదే. రోడ్డు పక్క ఊరికి మూడు సంస్థలు దుప్పట్లు తెస్తాయి, వాగు అవతలి తండాకు ఒక్కరూ వెళ్లరు. పొయ్యి తడిసి, కట్టెలు నాని ఉన్న ఇంటికి మొదటి రోజే 25 కిలోల బియ్యం ఇచ్చి ఏం లాభం? ముందు వండిన అన్నం కావాలి, నీళ్లు కావాలి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లని సహాయ సంస్థలు ప్రపంచమంతా పాటించే స్ఫియర్ ప్రమాణం. బియ్యం నాలుగో రోజు. పశువులకు గడ్డి అయితే మొదటి రోజు నుంచే. పాత బట్టల మూటలు పంపేవాళ్లకు ఒక మనవి: దయచేసి ఆ డబ్బుతో శానిటరీ ప్యాడ్లు, టార్పాలిన్లు కొనండి.

చదువుకుంటూ, ఉద్యోగం వెతుక్కుంటున్న మీరు ఇందులో ఏం చేయగలరు? చాలానే. సైన్యం, పోలీసులు రాకముందు ఊళ్లో ఉండేది ఊరివాళ్లే. ఆ ఆలోచనతోనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'ఆపద మిత్ర' పేరుతో యువతకు శిక్షణ ఇస్తోంది. ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ల కోసం 'యువ ఆపద మిత్ర' ఉంది. మీ కాలేజీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను అడగండి. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ ఇన్‌స్టిట్యూట్ దక్షిణాది ప్రాంగణం కూడా 2025 జనవరిలో అక్కడే మొదలైంది. ముంబయి టిస్‌లో విపత్తు నిర్వహణలో పీజీ చేయొచ్చు. భౌగోళిక సమాచార వ్యవస్థలు నేర్చుకున్నవాళ్లకు హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం చేసే పని తెలిసే ఉంటుంది. మబ్బులు కమ్మినా రాడార్ ఉపగ్రహం ముంపు ఎంతవరకుందో పటం గీసి ఇస్తుంది. ఏ సర్వే నంబరు ఎన్ని రోజులు నీళ్లలో ఉందో ఆ పటంతో సరిచూస్తే చాలా తగవులు తీరతాయి. ఎవరు సాగు చేశారో మాత్రం పటం చెప్పదు, దానికి మనిషే కావాలి. సహాయ సంస్థల్లో సర్వే సమన్వయం, డేటా ఉద్యోగాలకు ఇంటర్వ్యూకు వెళ్తే, మీ ఊళ్లో పది ఇళ్లకు వెళ్లి నష్టం రాసిన అనుభవం సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

ఒక జాగ్రత్త. సహాయకులుగా వెళ్లే విద్యార్థులు లెక్క రాయడానికి సాయపడొచ్చు కానీ అర్హులెవరో తేల్చకూడదు. డబ్బు వస్తుందని మాటివ్వకూడదు. ఏడుస్తున్న అవ్వ ఫొటో తీసి స్టేటస్ పెట్టకూడదు. అడిగి, ఆమె సరేనంటే, గోడ మీది నీటి మరకను ఇల్లు కనపడేలా తేదీతో ఫొటో తీయండి. అర్జీకి పనికొస్తుంది.

తొలకరికి ముందే చేసుకోదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ వరకు అన్నీ డిజిలాకర్‌లో పెట్టుకోండి. తడిసి ముద్దయిన సర్టిఫికెట్లతో నోటిఫికేషన్ గడువు లోపల బోర్డు చుట్టూ తిరగడం ఎంత నరకమో వరద ఊళ్ల పిల్లలకు తెలుసు. ఇంట్లోవాళ్ల బ్యాంకు ఖాతాలు ఆధార్‌తో ముడిపడి ఉన్నాయో లేదో చూడండి. ఇల్లు, పశువుల పాక ఇప్పుడు ఎలా ఉన్నాయో నాలుగు ఫొటోలు తీసి ఉంచండి. నాట్లయ్యాక పంట నమోదులో నాన్న పేరు, సర్వే నంబరు, పంట సరిగా పడ్డాయో లేదో సరిచూడండి. మీ చేను పక్కన కౌలుకు చేస్తున్న బాబాయ్ ఉంటే ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లండి. కౌలు కార్డు దరఖాస్తు నింపడానికి ఆయనకు మీ సాయం కావాలి, యజమానికి ఫోన్ చేసి ఒప్పించడానికి కూడా.