మేనల్లుడి మోటారు సైకిలు

పోయిన నెలలో బెజవాడ నుంచి మా అక్కయ్య ఫోను చేసింది. మామూలుగా అయితే ముందు నా రక్తపోటు, తరవాత మా ఆవిడ మోకాళ్లు, ఆ పైన ఊళ్లో ఎండలు - ఈ వరసలో సాగుతుంది ఆవిడ సంభాషణ. ఆ రోజు అవేమీ లేవు.

"ఒరేయ్, మీ బావగారు వేసిన డిపాజిట్టు అయిదు లక్షలు బ్యాంకులో ఉంది కదూ! అది తీసేసి వీడికి ఇవ్వమంటావా?" అంది.

వీడంటే మా మేనల్లుడు. హైదరాబాదులో ఉద్యోగం. పెళ్లయి రెండేళ్లయింది. నెలకోసారి శుక్రవారం రాత్రి బస్సెక్కి తల్లిని చూడటానికి వస్తాడు. పాపం, ఆ విషయంలో వంక పెట్టటానికి వీల్లేదు. ఇప్పుడు వాడికి బస్సు మీద విరక్తీ, మోటారు సైకిలు మీద అనురక్తీ ఒకేసారి కలిగాయి. మామూలు మోటారు సైకిలు కాదు, స్పోర్టు టూరరట. ఆ డిపాజిట్టు మీద ఏడు శాతం వడ్డీ వేసుకుంటే నెలకి 2,900 పైచిలుకు. అదే మా అక్కయ్య మందుల ఖర్చు. ఆ సంగతి వాడికి తెలీదు. తెలియనివ్వలేదు ఆవిడ.

"నువ్వు లెక్కలు చూసి చెప్పరా. నువ్వు సరేనంటే ఇచ్చేస్తా" అని భారం నా నెత్తిన పెట్టింది.

మోటారు సైకిళ్ల గురించి తీర్పు చెప్పటానికి నాకున్న అర్హత ఏమిటంటే, చిన్నప్పుడు మా బాబాయి జావాను తోసిన అనుభవం. మైసూరులో 1961 నుంచీ తయారైన ఆ బండికి ఒక విశేషం ఉండేది. దాన్ని స్టార్టు చేసే కిక్కు రాడ్డూ, గేరు మార్చే రాడ్డూ ఒకటే. అంతకు ముందే, 1955లో, మద్రాసులో బుల్లెట్టు తయారీ మొదలైంది. ఆ రోజుల్లో మోటారు సైకిలు కొనేవాడు ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకుని, దొరికినప్పుడు సంతోషించేవాడు. ఇప్పుడు ఎంచుకోటానికే ఆరు నెలలు పడుతోంది.

ఆదివారం మావాడు కాగితాలతో సహా వచ్చాడు. స్పోర్టు టూరరంటే ఏమిటో నాకు బోధపరిచాడు. పందెపు బండి వేగం, దూరప్రయాణానికి కావలసిన కూర్చోడం, ఎదురుగాలి ఆపే అద్దం, పక్కన పెట్టెలు - ఈ నాలుగూ కలిస్తే అది. 1976లో జర్మనీ వారి బీఎండబ్ల్యు ఆర్ 100 ఆర్ఎస్ అనే బండికి గాలి సొరంగంలో పరీక్షించి నిండు కవచం తొడిగారట. గంటల తరబడి గాలి గుండెల మీద కొడుతుంటేనే మనిషి అలిసిపోతాడు కాబట్టి అది విలాసం కాదు, అవసరమేనని వాదించాడు. ఒప్పుకున్నాను. మరో బండి, 2001లో యూరపులో అమ్మకానికి వచ్చిన యమహా ఎఫ్‌జేఆర్ 1300. చెయిను బదులు షాఫ్టు, 25 లీటర్ల ట్యాంకు. చెయినుకు నూనె పెట్టుకునే పని లేదు. బరువు మాత్రం సుమారు 290 కిలోలు.

"అది పడితే ఎవరు లేపుతార్రా?" అన్నాను.

"పడదు మామయ్యా" అన్నాడు. ఆ వయసులో మా బాబాయీ అలాగే అనేవాడు.

వాడి మనసు పడ్డది కవాసాకీ నింజా 1000 ఎస్ఎక్స్ రకం మీద. 142 హార్సు పవరు. 2020లో దాని ధర 10 లక్షల 79 వేలు. 2024 చివర దాని వారసుడుగా వచ్చిన 1100 ఎస్ఎక్స్ ధర అప్పట్లో 13 లక్షల 49 వేలు. అంటే మా అక్కయ్య డిపాజిట్టు ముందుగా కట్టే వాయిదాకే సరి. తక్కినది అప్పు. రెండోది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. దాని శక్తి 40 హార్సు పవరు, ట్యాంకు 17 లీటర్లు, ధర మూడు లక్షల పైచిలుకు. మూడోది, వాడు అయిష్టంగా చివర్న పెట్టింది, అదే కంపెనీ మీటియర్ 350. 20 హార్సు పవరు, 15 లీటర్లు, ధర రెండు లక్షల ప్రాంతం. నిజానికి చివరి రెండూ స్పోర్టు టూరర్లు కావు. కాని మన ఇళ్లల్లో ఆ పని చేసేవి అవే.

పెట్రోలుతో మొదలుపెట్టాం. హైదరాబాదు నుంచి బెజవాడకి 275 కిలోమీటర్లు, రానూపోనూ 550. లీటరు 108 రూపాయలు, మీటియరు లీటరుకి 35 కిలోమీటర్లు, హిమాలయను 28, నింజా 18 చొప్పున ఇస్తాయనుకున్నాం. నెలకి వరసగా 1,700, 2,120, 3,300 రూపాయలు తేలింది. పెద్ద బండికి ఏడాదికి పందొమ్మిది వేలు ఎక్కువ. ఇది విని మావాడు "అంతేనా!" అన్నాడు. నిజమే, పెట్రోలు దగ్గర కొంప మునిగేది లేదు. మనవాళ్లు ఏ బండి చూసినా ముందు "మైలేజి ఎంత?" అని అడుగుతారు గాని, అసలు ఖర్చు దాక్కునేది అక్కడ కాదు.

దాక్కునేది 350 అనే అంకె వెనక. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బళ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ గీత దాటినవాటి మీద, అంతకు ముందు సెస్సుతో కలిపి 31 ఉన్నది, 40 శాతానికి ఎక్కింది. పన్ను లేకుండా రెండు లక్షల బండి అనుకుందాం. గీతకి ఇవతల పన్ను 36 వేలు, అవతల 80 వేలు. నలభై నాలుగు వేల తేడా! ఇన్సూరెన్సూ అంతే. కొత్త బండికి అయిదేళ్ల థర్డు పార్టీ ఒకేసారి కట్టాలన్నది 2018 సెప్టెంబరు నుంచీ ఉన్న నిబంధన. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 350 సీసీ లోపు 7,365, పైన 15,117 రూపాయలు. మీటియరు ఇంజను 349 సీసీ. ఆ ఒక్క సీసీని మిగిల్చిన ఇంజనీరు ఎవరో గాని గృహస్థు అయి ఉంటాడు.

తరవాత నేను నా బ్రహ్మాస్త్రం తీశాను. "2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం నాలుగు లైన్ల రోడ్డు మీద మోటారు సైకిలు గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లు. ఆ ఎనభైకి నీకు 142 గుర్రాలెందుకురా? పైగా అవుటరు రింగు రోడ్డు మీదికి అసలు రెండు చక్రాలనే రానివ్వరు!"

"శక్తి వేగానికి కాదు మామయ్యా, లారీని దాటటానికి. ఇద్దరం ఎక్కి, సామాను కట్టుకుని, 20 హార్సు పవరుతో లారీ పక్కన ఎంతసేపని వేలాడమంటావు?" అన్నాడు. "పైగా టోలు గేట్ల దగ్గర బైకుకి పైసా లేదు. కారు కొనలేదని సంతోషించు."

ఈ లారీ మాటకి నా దగ్గర జవాబు లేదు. బెజవాడ రోడ్డు మధ్య డివైడరు ఉంది కాబట్టి సరిపోతుందన్నాను గాని, అరకు ఘాటు రోడ్డు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ క్షణంలో హిమాలయనే నెగ్గేట్టుంది.

అప్పుడు మాట్లాడింది మా మేనకోడలు, వాడి భార్య. అంతదాకా వంటింట్లోంచి వింటూనే ఉంది. "మామయ్యగారూ, వెనక కూచునేది నేను కదండీ. నన్నెవరూ అడగరేం?" అంది.

స్నేహితుల హిమాలయన్ మీద ఆ అమ్మాయి ఒకసారి సూర్యాపేట దాకా వెళ్లొచ్చిందట. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. మావాడి పొడుగు అయిదడుగుల అయిదంగుళాలు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా వాడు మునివేళ్ల మీద నిలబడితే, వెనక తను దేవుణ్ణి తలుచుకుందట. మీటియరు సీటు 765. రెండు పాదాలూ పూర్తిగా ఆనతాయి. ఇంకొకటి. వెనక కూచున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రానికి అడ్డు ఉండాలన్నది మోటారు వాహనాల నిబంధనల్లో 123వది. చీర గార్డు మన రోడ్ల మీదికి ఊరికే రాలేదు. కాని రెండు పక్కలా పెట్టెలు బిగించాక చీరతో పక్కకి కూచోటం కుదరదు. "నేను డ్రెస్సే వేసుకుంటాను లెండి. కాలు ఎత్తి ఎక్కటానికి బండి మాత్రం పొట్టిగా ఉండాలి" అంది.

మావాడు కాసేపు కిటికీలోంచి చూశాడు. నేను ఆ మందుల సంగతి అప్పుడు చెప్పాను. అక్కయ్య చెప్పొద్దంది, అయినా చెప్పాను. వాడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "అమ్మ నాతో ఒక్క ముక్క అనలేదే!" అన్నాడు. నింజా కాగితం మాత్రం చించలేదు. నేనూ చించమనలేదు.

మీటియరు కొన్నాడు, తన జీతం మీద అప్పుతో. ముందు గాలి అద్దం, వెనక ఒకటే పెట్టె. మొన్న తెల్లారగట్ల బయల్దేరి, మధ్యలో రెండుసార్లు ఆగి, దంపతులిద్దరూ ఆరున్నర గంటల్లో బెజవాడ చేరారు. సాయంత్రం అక్కయ్య మళ్లీ ఫోను చేసింది. డిపాజిట్టు ప్రసక్తి లేదు.

"బండి బాగానే ఉందిరా తమ్ముడూ. ఇంత డబ్బు పోసి కొన్నారు గాని, ఆవకాయ జాడీ పెట్టటానికి చోటు చూసుకోలేదు. నీ లెక్కల్లో అది రాలేదా?"