మంచినీటికిని మురుగునకును ఒక జాతీయ సంస్థ

నాగార్జునసాగరమునుండి కృష్ణాజలము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము గొట్టములద్వారా హైదరాబాదు నగరమునకు ఎత్తిపోయబడుచున్నది. నగరవాసులు త్రాగి, వండుకొని, స్నానమాడి విడిచిన ఆ నీటిలో అధికభాగము మూసీనదిలోనికి పోవుచున్నది. మూసీ వాడపల్లికడ మరల కృష్ణలో కలియుచున్నది. ఆ సంగమమునకు దిగువన పులిచింతల జలాశయమును, దానికిని దిగువన ప్రకాశం బ్యారేజియు గలవు. విజయవాడ పౌరులు త్రాగునది ఆ కృష్ణాజలమే. మంచినీరై వెడలిన కృష్ణ మురుగునీరై పుట్టింటికి వచ్చుచున్నది.

దీనికి ఉత్తరవాది యెవరు? 1989 లో హైదరాబాదునందు నీటి సరఫరాకును మురుగు పారుదలకును కలిపి ఒకే బోర్డు నేర్పరచిరి. ఆ రెండు పనులను ఒకే చేతి క్రింద నుంచుట మెచ్చదగిన సంగతి. శుద్ధికేంద్రములనుగూడ ఇటీవల పెక్కింటిని కట్టినారు, కాదనము. కాని ఆ బోర్డు తన నగరమునకే జవాబుదారి. 2014 నుండి విజయవాడ వేరొక రాష్ట్రమునం దున్నది. అచ్చటి పౌరుడు హైదరాబాదులో వోటు వేయడు, పన్ను చెల్లింపడు. తన బిందెలోనికి వచ్చు నీటి మంచిచెడ్డలను గూర్చి అతడు ఎవరి నడుగవలెను? నదికి రాష్ట్రముల సరిహద్దులు తెలియవు. అధికారులకు మాత్రము అవి బాగుగా తెలియును.

ఇది ఒక్క కృష్ణ కథ గాదు. ఇంటికి చేరిన నీటిలో నూటికి ఎనుబదివంతులు మురుగై వెలికివచ్చునని ఇంజనీర్ల లెక్క. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 లో ప్రకటించిన నివేదికను జూడుడు. మన పట్టణములలో దినమునకు పుట్టు మురుగు సుమారు 7,236 కోట్ల లీటర్లని అంచనా. నిజముగా శుద్ధిచేయబడుచుండినది 2,023 కోట్ల లీటర్లు మాత్రమే. పది బిందెలలో మూడైనను శుద్ధి కాలేదన్నమాట. మరియొకవంక 2019 లో ఆరంభమైన జలజీవన్ మిషన్ పల్లెలకు మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున నీరందింప బూనినది. పదునైదు కోట్లకు పైబడిన గ్రామీణ గృహములకు కుళాయిలు వచ్చినవి. సంతోషింపవలసినదే. కాని వాడుకొనిన పిదప ఆ నీరు ఏ దారిని బోవలెనో చింతించినవా రెందరు? కుళాయి ప్రారంభోత్సవమునకు మంత్రులు వత్తురు. మురుగుకాలువకు పూలదండ వేయువారు లేరు.

ఈ యశ్రద్ధకు వెల చెల్లించుచున్నవారు బీదలు. 2009 లో హైదరాబాదునందలి భోలక్‌పూరులోను, 2018 లో గుంటూరులోను కలుషితమైన కుళాయినీరు త్రాగి పలువురు మరణించిరి. రక్షణసాధనములు లేకుండ మనుష్యులను మురుగుగోతులలోనికి దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. అయినను దిగుచున్నారు, ఊపిరాడక మరణించుచున్నారు. అట్టి మృతుల కుటుంబములకు 30 లక్షల రూపాయల పరిహార మీయవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2023 లో శాసించెను. పరిహార మిచ్చుట న్యాయమే. ప్రాణము పోకముందు యంత్రమును కొనియిచ్చుట అంతకంటె న్యాయము.

కేంద్రమున సంస్థలు లేవని మా తాత్పర్యము గాదు. 1954 లో నేర్పడిన కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు సంస్థ గ్రంథములు వ్రాసి సలహాల నిచ్చును. వానిని పాటింపుడని నిర్బంధింపజాలదు. 1974 లో నేర్పడిన కాలుష్య నియంత్రణ మండలి తప్పు చేసినవారికి తాఖీదు పంపును, గొట్టములు వేయదు. ఒకరిది సలహా, మరియొకరిది తాఖీదు. పని మాత్రము బొక్కసము వట్టిపోయిన మునిసిపాలిటీలది.

కావున నీటి సరఫరాకును మురుగు పారుదలకును కలిపి, పార్లమెంటునకు జవాబుదారియగు జాతీయ ప్రజాసంస్థ యొకటి వెలయవలెనని మా యభిప్రాయము. దానికి మూడు విధులు చాలును. ప్రతి పట్టణము త్రాగు నీటిని, విడుచు మురుగును కొలిచి, పరీక్షించి, ఫలితములను ఆ యూరి భాషలో నెలనెలా ప్రకటించుట మొదటిది. చిన్న మునిసిపాలిటీలకు దీర్ఘకాలపు ఋణములను, ఇంజనీర్లను, మురుగు తీయు యంత్రములను సమకూర్చుట రెండవది. నీటిపథకపు అంచనాలోనే మురుగుపథకమునుగూడ చేర్చి, రెంటికిని ధనమిచ్చి, ఒకటి కట్టి రెండవదానిని విడిచిపెట్టుట కొప్పకుండుట మూడవది.

నీరు రాష్ట్రముల యధికారములోనిదనియు, ఢిల్లీ పెత్తనము పురపాలనకు గొడ్డలిపెట్టనియు కొంద రందురు. ఆ భయము నిరాధారము గాదు. స్థానిక స్వపరిపాలనను మేమును గౌరవింతుము. కుళాయి త్రిప్పు పని ఊరిదిగానే యుండవలెను. కాని ఎగువ యూరి స్వాతంత్ర్యము దిగువ యూరి బిందెలో మురుగు పోయువరకు సాగరాదు. రాష్ట్ర శాసనసభలు తీర్మానించి కోరినచో పార్లమెంటు చట్టము చేయవచ్చునని రాజ్యాంగపు 252 వ అధికరణము చెప్పుచున్నది. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము అట్లు పుట్టినదే. ఒకే నదిని పంచుకొనిన రెండు తెలుగు రాష్ట్రములు ఈ తీర్మానమును ముందుగా చేసిన నెంత బాగుండును!

కంపెనీల కప్పగించినచో పని తేలికయగునని చెప్పువారును గలరు. లండను నగరము 1904 లో ఎనిమిది కంపెనీల చేతినుండి నీటిసరఫరాను ప్రజాసంస్థ వశము చేసెను. 1989 లో ఆంగ్లదేశము తన నీటిసంస్థలను మరల కంపెనీల పరము చేసెను. నదులలోనికి మురుగు వదలబడుచున్నదని నేడు ఆ దేశీయులే మొరపెట్టుచున్నారు. సింగపూరు 2001 లో మురుగుపనినిగూడ తన నీటిసంస్థకే యప్పగించి, వాడిన నీటిని శుద్ధిచేసి తిరిగి వాడుకొనుచున్నది. ఏది యనుసరింపదగినదో పాఠకులే నిర్ణయింతురుగాక.

ఎన్నికలవేళ కుళాయిలు వేయింతుమని వాగ్దానము చేయు అభ్యర్థిని మన పౌరులు ఒక్క ప్రశ్న యడుగవలెను: "అయ్యా, మేము వాడిన పిదప ఆ నీరు ఎవరి యింటికి పోవును?" ఈ ప్రశ్నకు దేశమంతటి తరఫున సమాధానము చెప్పవలసిన సంస్థ నేడు లేదు. దానిని నిర్మించుకొనుట మన కర్తవ్యము.