పెద్దక్షరం – చిన్నక్షరం : ఒక పూర్వ విద్యార్థి విన్నపం

తెలుగు అక్షరాల్లో పెద్దా చిన్నా లేవు. ‘అ’ ఎక్కడ రాసినా ‘అ’యే. వాక్యం మొదట్లో వచ్చిందని దానికి కిరీటం పెట్టం, మధ్యలో వచ్చిందని కిరీటం ఊడదియ్యం. మంత్రిగారి పేరులోని ‘క’కూ, మన హాస్టలు వంటాయన పేరులోని ‘క’కూ ఒకటే కొలత. ఇంతటి సమత మన వర్ణమాలలో ఉండగా, ఇంగ్లీషు అక్షరాల్లోని పెద్ద చిన్న తేడా మన విద్యార్థుల జీవితాల్లో ఎట్లా జొరబడుతున్నదో చెప్పటానికే ఈ నాలుగు మాటలు.

విషయం డేటాబేసులకు సంబంధించినది. అంతమాత్రాన సాహిత్య విద్యార్థులు పేజీ తిప్పెయ్యవద్దని మనవి. మీ హాల్ టికెట్టు, మీ స్కాలర్‌షిప్పు, మీ మార్కుల జాబితా ఈనాడు ఉండేది అందులోనే.

సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, ఒక పట్టికను మరొక పట్టికతో విలువల ద్వారా కలిపే పద్ధతిని ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు 1970లో ప్రతిపాదించాడు. ఇప్పటి రిలేషనల్ డేటాబేసులన్నీ ఆ ఆలోచన మీద లేచినవే. రెండు పట్టికలు కలవాలంటే రెండు విలువలు సమానం కావాలి. మరి సమానం అంటే ఏమిటి? ఇక్కడే ఉంది చిక్కంతా. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఆస్కీ పద్ధతిలో పెద్ద ‘ఏ’ 65, చిన్న ‘ఏ’ 97. మన కంటికి ఒకే అక్షరం, యంత్రానికి 32 తేడా ఉన్న రెండు వస్తువులు. వాటిని ఒకటిగా చూడమంటావా, వేరుగా చూడమంటావా అని యంత్రం మనిషిని అడుగుతుంది. దానికి మనం ఇచ్చే జవాబే ‘కొలేషన్’ అనే అమరిక. ఏ అక్షరం ముందు, ఏది వెనుక అనే వరుస కూడా అందులోనే నిర్ణయమవుతుంది.

సరే, ఇక నా పాపం చెప్పుకుంటాను.

ఈ కళాశాల వదిలాక నేను ఒక విద్యాసంస్థలో డేటాబేసు చూసే ఉద్యోగంలో చేరాను. సంస్థ పేరు అనవసరం, తప్పు నాది. 2018లో సంగతి. లైబ్రరీ వారు ఆన్‌లైన్ పుస్తకాల కోసం విద్యార్థులకు ఎనిమిదేసి అక్షరాల కోడ్‌లు ఇచ్చారు. అందులో రెండు కోడ్‌ల మధ్య తేడా ఒకే ఒక్క అక్షరం: ఒకదానిలో పెద్దది, ఇంకోదానిలో చిన్నది. మా డేటాబేసు పెద్ద చిన్న తేడా పట్టించుకోని అమరికలో ఉంది. మొదటి కుర్రాడు కోడ్ వాడుకోగానే రెండో కుర్రాడికి ‘ఇది ఇదివరకే వాడబడినది’ అని వచ్చింది. లైబ్రేరియన్ గారు కోపంగా వచ్చి అడిగారు. నేను మహా తెలివైనవాణ్ణి కదా! శనివారం రాత్రి కూర్చుని డేటాబేసు మొత్తాన్ని తేడా పట్టించుకునే అమరికకు మార్చేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

సోమవారం హాల్ టికెట్లు ఇచ్చే రోజు. పరీక్షల విభాగం పట్టికలో హాల్ టికెట్టు నంబర్లు పెద్దక్షరాల్లో ఉన్నాయి. అకౌంట్స్ విభాగంలో ఒక గుమాస్తా గారు ఫీజు రసీదుల్లో అవే నంబర్లను చిన్నక్షరాల్లో కొట్టారు. శనివారం దాకా రెండూ సమానమే. ఆదివారం నుంచి కావు. 37 మంది ‘ఫీజు బాకీ’ జాబితాకు ఎక్కారు. ఒక అమ్మాయి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, రసీదు చేతిలో పట్టుకుని, “కట్టాం సార్, ఇదిగో చూడండి సార్” అంటున్నది. కౌంటరులో ఉన్నాయన, “నీ దగ్గర ఉంటే ఏం లాభమమ్మా, కంప్యూటర్లో లేదు” అంటున్నాడు. ఆయన తప్పేమీ లేదు. కంప్యూటర్లో నిజంగానే లేదు.

నాకు కారణం తట్టేసరికి సాయంత్రం నాలుగయింది. సరిచేశాం. 36 మందికి అందింది. ఒక కుర్రాడు మాత్రం మధ్యాహ్నమే ఊరికి తిరిగి వెళ్ళిపోయాడు. ఇచ్చిన ఫోను నంబరు పలకలేదు. మర్నాడు మొదటి పేపరు అతను రాయలేదు. సప్లిమెంటరీలో రాసి గట్టెక్కాడని తరువాత తెలిసింది. కానీ ఆ ఖాళీ కుర్చీ నాకు ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ రోజు ఏ యంత్రమూ ‘తప్పు జరిగింది’ అని చెప్పలేదు. పట్టిక పేరు తప్పు కొడితే డేటాబేసు వెంటనే కేకలేస్తుంది. విలువలు కలవకపోతే మాత్రం మౌనంగా ఊరుకుంటుంది. దాని లెక్కలో అది తప్పు కాదు, ‘దొరకలేదు’ అనే సమాధానం. కేకలేసే తప్పును ఎవరైనా పట్టుకుంటారు. ఇట్లా నోరెత్తని తప్పును పట్టుకోవటానికే చదువు కావాలి.

అమరిక మార్చటం ఒక్క ఆజ్ఞతో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇల్లు అలకగానే పండగ కాదు. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్‌నే తీసుకోండి. డేటాబేసు కొలేషన్ మారిస్తే, ఆ తరువాత పుట్టే కాలమ్‌లకే కొత్త నియమం వర్తిస్తుంది. పాత కాలమ్‌లు పాత నియమంలోనే ఉంటాయి, ఒక్కొక్కటిగా మార్చుకోవాలి. ఆ కాలమ్ మీద ఇండెక్స్ గానీ, ఫారిన్ కీ గానీ ఉంటే ముందు దాన్ని తీసెయ్యాలి, మార్చాక మళ్ళీ కట్టాలి. అంతేకాదు, తాత్కాలిక పట్టికలు పుట్టే టెంప్‌డీబీ మొత్తం సర్వరు అమరికను అనుసరిస్తుంది. డేటాబేసుది ఒక నియమం, టెంప్‌డీబీది ఇంకో నియమం అయినప్పుడు రెంటినీ పోల్చబోతే కొలేషన్లు పొసగటం లేదని ఆగిపోతుంది. పైగా డేటాబేసును తేడా పట్టించుకునేదిగా మారిస్తే, పట్టికల పేర్లలో కూడా పెద్ద చిన్న తేడా పుట్టుకొస్తుంది. నిన్నటిదాకా నడిచిన పాత ప్రోగ్రాములు ‘ఆ పేరుగల పట్టిక లేదు’ అంటాయి.

ఎదురు దిక్కుకు మార్చటం మరొక తంటా. వేరువేరుగా ఉన్నవాటిని ఒకటిగా చూడమంటే, ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న కాలమ్‌లో జంటలు బయటపడతాయి. యూనిక్ ఇండెక్స్ మళ్ళీ కట్టబోతే కట్టనివ్వదు. కాబట్టి మార్చేముందు, అక్షరాలన్నీ చిన్నవి చేసి లెక్కిస్తే ఎన్ని జంటలు వస్తున్నాయో చూసుకోవాలి. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు నేను వెచ్చించలేదు.

ఫైనలియర్ ప్రాజెక్టులు చేసే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇంకొక మాట. మైఎస్‌క్యూఎల్‌లో పట్టికల పేర్లకు పెద్ద చిన్న తేడా ఉంటుందా లేదా అనేది మామూలుగా కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి పోతుంది. విండోస్ లాప్‌టాప్‌లో పరుగెత్తిన ప్రాజెక్టు లినక్స్ సర్వరు మీద చతికిలబడటానికి అదే కారణం. పోనీ అప్పుడు మార్చుకుందామా అంటే, 2018లో వచ్చిన 8.0 నుంచి ఆ అమరికను మొట్టమొదట డేటాబేసును సిద్ధం చేసేటప్పుడు తప్ప మార్చనివ్వదు. అందుకని మొదటి రోజు నుంచే పట్టికల పేర్లన్నీ చిన్నక్షరాల్లో రాసే అలవాటు చేసుకోండి.

ఇంత గొడవెందుకు, అన్నీ పెద్దక్షరాల్లోకి మార్చేస్తే పోదా అని అడిగే పెద్దలున్నారు. మన ఆఫీసు ఫారాలన్నీ ‘బ్లాక్ లెటర్లలో నింపుడు’ అంటూనే ఉంటాయి కదా! హాల్ టికెట్టు నంబరుకైతే ఆ సలహా శిరోధార్యం. లోపలికి తీసుకునేటప్పుడే పెద్దక్షరాలు చేసి, చిన్నవి రాకుండా కట్టడి పెట్టాలి. కానీ మనుషుల పేర్ల సంగతి వేరు. చింతలపాటి వారో, చెరుకూరి వారో ఇంటిపేరును పొడిగా రాస్తే సీ పెద్దది, హెచ్ చిన్నది. రెండూ కలిసి ఒకే ఇంటిపేరు. రెంటినీ పెద్దవి చేస్తే సీ ఒక పేరుకూ, హెచ్ ఇంకో పేరుకూ గుర్తులు అనుకుంటారు. అక్షరం సైజులో కూడా సమాచారం ఉంటుందనటానికి ఇంతకంటె దగ్గర ఉదాహరణ నాకు దొరకలేదు. కనుక పేరును వచ్చినది వచ్చినట్లే దాచాలి, వెతికేటప్పుడు మాత్రం తేడా పాటించకూడదు.

అయితే వెతికే ప్రతిసారీ అక్షరాలను చిన్నవి చేసి పోలిస్తే చాలదా? చాలు, కానీ అట్లా చేస్తే మామూలు ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది. లక్షల వరుసల పట్టికను మొదటి నుంచి చివరిదాకా చదువుకోవలసి వస్తుంది. ఒరాకిల్‌లోనూ పోస్ట్‌గ్రెస్‌లోనూ ఆ చిన్నక్షరాల రూపం మీదనే ఇండెక్స్ కట్టే సౌకర్యం ఉంది. అది వాడుకోవచ్చు.

పెద్ద చిన్న జతలు కూడా లోకమంతటా ఒకటి కావు సుమండీ. టర్కీ భాషలో చుక్క ఉన్న ‘ఐ’ వేరు, చుక్క లేని ‘ఐ’ వేరు. చుక్క ఉన్న చిన్న ‘ఐ’ పెద్దదయినా చుక్క పోదు. అందుచేత టర్కీ కొలేషన్‌లో ఇంగ్లీషువారి చిన్న ‘ఐ’, పెద్ద ‘ఐ’ సమానం కావు. అంటే ఏది దేనితో సమానం అనేది యంత్రం చెప్పే సత్యం కాదు, మనుషులు చేసుకునే ఒప్పందం.

నా అభిప్రాయం ఇదీ. అమరికను డేటాబేసు మొత్తానికి ఒకే మూసలో పోసి ఊరుకోకూడదు. ప్రతి కాలమ్ దగ్గరా ఆగి, ఇందులో ఉన్నది మనిషి పేరా, నంబరా, రహస్య కోడా అని అడగాలి. ఆనాడు నేను లైబ్రరీ కోడ్‌ల కాలమ్ ఒక్కదాన్ని మార్చి ఉంటే సరిపోయేది. అది కాలు మీద కురుపు, నేను కాలే తీశాను. మార్చక తప్పదనుకుంటే, ముందు నకలు మీద మార్చి చూడాలి. మార్పుకు ముందు ఎన్ని వరుసలు కలిశాయి, తరువాత ఎన్ని కలిశాయి అని లెక్క తేల్చాలి. ఆ పైన, సోమవారం జనం వస్తారనగా శనివారం రాత్రి ఇట్లాంటి పని పెట్టుకోకూడదు.

మిత్రులారా! రేపు మీలో ఎంతోమంది ఏదో ఒక ఆఫీసులో ఏదో ఒక డేటాబేసు ముందు కూర్చుంటారు. ఎదురుగా రసీదు పట్టుకుని ఒకరు నిలబడినప్పుడు, ‘కంప్యూటర్లో లేదు’ అనే ముందు ఒక్క క్షణం ఆగండి. లేకపోవటం వేరు, మనం ‘సమానం’ అన్న మాటకు పెట్టిన అర్థంలో ఇమడకపోవటం వేరు. ఆ తేడా కనిపెట్టగలిగితే మన గురువులు చెప్పిన చదువుకు సార్థకత. ఒక అక్షరం పెద్దదో చిన్నదో అయిన కారణాన ఏ విద్యార్థీ పరీక్ష హాలు బయట నిలబడకూడదు. నా కోరిక అంతే.