మసిపూసి మారేడుకాయ

కొద్ది రోజుల క్రితం ఒక బ్లాగు మిత్రులు తాము ముచ్చటపడి కొనుక్కున్న పాత ఫియట్ కారును గురించి టపా వ్రాశారు. బొమ్మలు కూడా పెట్టారు. చివరి బొమ్మలో నాలుగు చక్రాలూ ఊడదీసిన కారు, చక్రాల గూళ్ళ నిండా నిగనిగలాడే నల్లని పూత. ఇక ఇరవై ఏళ్ళు త్రుప్పు భయం లేదని క్రింద ఒక వాక్యం. వచ్చిన వ్యాఖ్యలన్నీ అభినందనలే. నేనూ అభినందిద్దామని కూర్చుని, రెండు వాక్యాలు వ్రాసి, చెరిపివేశాను. వ్యాఖ్యలో ఇమిడే మాట కాదు కనుక ఇక్కడ వ్రాస్తున్నాను. వారు నొచ్చుకోరని నమ్మకం. నొచ్చుకున్నా సరే, వారి కారు నిలిస్తే చాలు.

పాత రేకు మీద దట్టంగా చల్లే ఆ నల్లపూత రక్షణ కాదు, మరుగు. కప్పడం వేరు, కాపాడడం వేరు. నలభై ఏళ్ళ రేకు లోపల ఏమున్నదో చూడకుండా పైన తారువంటి పదార్థం పులిమి, దానికి 'ప్రొటెక్షన్' అని పేరు పెట్టి డబ్బు తీసుకోవడాన్ని మన పెద్దలు మసిపూసి మారేడుకాయ చేయడమన్నారు.

ఇది పుస్తకజ్ఞానం కాదు, చేతులు కాలిన తరువాతి జ్ఞానం. మా మేనమామగారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేసేవారు. 1974లో వారు కొన్న మార్క్ 2 అంబాసిడరు తరువాత నాకు సంక్రమించింది. తార్నాక నుండి క్యాంపస్ లోపలికి, ఆర్ట్స్ కళాశాల ముందునుండి తిరిగి ఇంటికి, ఇంతే దాని లోకసంచారం. 2016లో నగరంలోని ఒక వర్క్‌షాపువారు వర్షాకాలానికి ముందు క్రిందివైపు 'కోటింగ్' తప్పదన్నారు. నీళ్ళతో కడిగారు, ఆరీ ఆరకముందే నల్లమందు చల్లారు. ఒక్క పూటలో పని ముగిసింది. ఎంత అందంగా ఉందో! వంగి వంగి చూసుకుని మురిసిపోయాను.

మూడు వర్షాకాలాలు గడిచాయి. 2019లో బ్రేకుల పనికోసం ముందు చక్రం విప్పినప్పుడు, మా వీధి చివర డెంటింగు పనిచేసే పెద్దాయన పైనున్న నల్లని పొరను స్క్రూడ్రైవరుతో ఊరికే అలా తట్టాడు. ములుకు లోపలికి దిగిపోయింది. "సారూ, ఇగ చూడుండ్రి, పైన నల్లగ మంచిగనే ఉన్నది, లోపట రేకే లేదు" అన్నాడు. నిజమే. పూత ఒక తోలుసంచి వలె నిలిచి ఉంది. దాని వెనుక ఉండవలసిన రేకు గోధుమరంగు పొరలుగా చేతిలోకి రాలింది.

ఎందుకిలా అయింది? క్యాంపస్‌లో ఉదయపు నడకలో తోడువచ్చే మిత్రులొకరు రసాయనశాస్త్రం బోధించి విరమించినవారు. వారు చెప్పినదాన్ని నాకు తెలిసిన భాషలో చెబుతాను. ఇనుముకు త్రుప్పు పట్టాలంటే నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, వాన కురవనక్కరలేదు. త్రుప్పు తాను తిన్న ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కనుక పూత క్రింద పుట్టిన త్రుప్పు పూతను పైకి నెడుతుంది. తారుజాతి పూత క్రొత్తలో మెత్తగానే ఉంటుంది. ఏండ్లు గడిచేకొద్దీ అందులోని నూనెలు ఆవిరై బిరుసెక్కుతుంది, అంచుల దగ్గర విడుస్తుంది. వెంట్రుకవాసి సందు చాలు, నీరు తనంత తానే లోపలికి ప్రాకుతుంది. ప్రాకిన నీటికి ఇక ఎండ తగలదు, గాలి తగలదు. బయట ఉంటే గంటలో ఆరిపోయే తడి అక్కడ వారాల తరబడి కాపురం ఉంటుంది. ఇక త్రుప్పును గాని, తడిని గాని సరిగా వదిలించకుండా చల్లిన పూత సంగతి చెప్పేదేముంది? దొంగను ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే.

ఈ మాట విన్న ఒక కుర్రవాడు "మాష్టారూ, మీ పేట పేరులోనే తారు ఉంది కదా, తారును తిడతారేమిటి?" అని చమత్కరించాడు. నాయనా, తార్నాకలో ఉన్నది తారు కాదు, తార్; అంటే తీగె. తోట చుట్టూ వేసిన తీగె కంచె దగ్గరి నాకా అని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. తీగె కంచెకు ఒక సుగుణం ఉంది, లోపల ఏమున్నదీ బయటికి కనబడుతుంది. నేను కోరేది ఆ సుగుణమే.

మరొక సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మా ఇంటికి నడక దూరంలోనే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉంది. 1944లో హైదరాబాదు సంస్థానపు పరిశోధనశాలగా మొదలై, రీజనల్ రిసెర్చి లాబరేటరీగా పెరిగి, 1989లో ఇప్పటి పేరు పెట్టుకున్నది. పూతలూ పాలిమర్లూ అక్కడి పరిశోధనాంశాలలో ఉన్నాయి. ఆ గోడ ప్రక్కనే ఏళ్ళ తరబడి నడిచినవాణ్ణి, డబ్బామీది బొమ్మను నమ్మాను.

ఎదుటివారి వాదాలు కూడా చూద్దాం. క్రొత్త కారుకు వేస్తున్నారు కదా, పాతదానికి వేస్తే తప్పేమిటి అంటారు. నేటి కార్లలో చాలావరకు జింకు పూసిన రేకు వాడతారు, కారు మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి విద్యుత్తుతో ప్రైమరు పట్టిస్తారు, చక్రాల గూటిలో ప్లాస్టిక్ తొడుగు బిగిస్తారు. ఆ మూడు వలయాల పైన నాలుగవదిగా ఏమి పూసినా నష్టం తక్కువ. అంబాసిడరుకు ఆ మూడూ లేవు. పైగా ఇందులో చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి రోల్స్ రాయిస్‌కు ఉన్నట్టు వేరే చాసిస్ చట్రం లేదు. ఒంటిరేకే ఎముక, ఒంటిరేకే చర్మం. ముందు చక్రాల భారాన్ని మోసే టార్షన్ బార్లు కూడా చివరకు ఆ రేకు నిర్మాణంలోనే పాదుకుని ఉన్నాయి. అక్కడ కనబడని త్రుప్పు అంటే అందానికి లోపం కాదు, ప్రాణానికి ముప్పు.

చలిదేశాలలో అందరూ వేస్తారంటారు. అక్కడ మంచు కరగడానికి దారులమీద ఉప్పు చల్లుతారు. మన క్యాంపస్ దారులమీద ఉప్పు ఎవరు చల్లారు? మనకు శత్రువు మొరం బురద. టైరు విసిరిన ఎర్రమట్టి హెడ్‌లైటు వెనుక అంచుమీద, మడ్గార్డు అడుగు మూలలో గూడు కట్టుకుని, వాననీటిని పీల్చి, దీపావళి దాకా తడిగా ఉంటుంది. దానికి మందు పూత కాదు, నీళ్ళ పైపు.

రాళ్ళ దెబ్బలనుండి రబ్బరు పూత కాపాడుతుందన్న వాదంలో మాత్రం సత్యం ఉంది, ఒప్పుకుంటాను. శుభ్రం చేసి, ప్రైమరు పట్టించి, కీళ్ళలో సీలరు నింపిన రేకు మీద, టైరుకు ఎదురుగా ఉండే భాగంలో పలుచగా వేస్తే మంచిదే. ఆ ముందు పనులు చేయించే ఓపిక ఎందరికుంది? ఇక వాడేసిన ఇంజనాయిలు చల్లించే సంప్రదాయవాదులు ఉన్నారు. రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి, కారిన నూనె మట్టిలో కలుస్తుంది. దాని ఊసు వద్దు.

అయితే ఏమి చేయాలి? నేను చేయించినది చెబుతాను. ఉన్న పూతనంతా గీకించాను. నాలుగు రోజులు పట్టింది. వైరు బ్రష్‌తో, ఉప్పుకాగితంతో మెరిసే ఇనుము కనబడేదాకా రుద్దించాను. చిల్లుపడినచోట పుట్టీ మెత్తనివ్వలేదు, పాత కొలతకే కోసిన క్రొత్త రేకు అతికించాము. గుంటలలో మిగిలిన త్రుప్పుకు టానిక్ ఆమ్లం కలిసిన ద్రవం పూశారు. గోధుమరంగు చూస్తుండగానే నల్లబడింది. నా మనస్సు పులకించింది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచేవారు మన పూర్వులు. అదే టానిన్, అదే ఇనుము, అదే నలుపు! తెలుగు పండితుడికి త్రుప్పు వదిలించే విద్య సిరాబుడ్డిలోనే ఉన్నదని ఎవరూ చెప్పలేదు. (ఆ ద్రవం ఊడిపోయే పెచ్చులమీద పనిచేయదు. ముందు గీకుడు తప్పదు.)

తరువాత రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమరు, కీళ్ళలో సీలరు, దానిపైన లేత బూడిదరంగు పెయింటు. లేతరంగే ఎందుకంటే, దానిమీద త్రుప్పుచుక్క పుట్టిన రోజే కంటబడుతుంది. నలుపుమీద కంటబడేనాటికి చిల్లు పడి ఉంటుంది. చిట్టచివర పారదర్శకమైన మైనపు పూత. మైనం గట్టిపడదు, పగలదు, గీత పడినా కొంతవరకు తానే సర్దుకుంటుంది. దోషాలు లేవనను. మే నెల ఎండకు కాస్త కారుతుంది, దుమ్ము అంటుతుంది, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ పూయాలి. వర్క్‌షాపువారికి ఇది గిట్టదు. ఒకసారి వేసి మరచిపొండి అన్నమాటే సులువుగా అమ్ముడుపోతుంది. బ్రేకు డ్రమ్ములమీద, రబ్బరు గొట్టాలమీద ఏ పూతా పడకుండా కాగితం చుట్టించండి. నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా పుల్లతో పొడిచి చూడండి. నా కారులో 2016 నాటి మహానుభావులు వాటిని కూడా పూడ్చారు.

ఈ పట్టుదలకు మరొక కారణం ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నియమాలు ప్రకటించింది. యాభై ఏళ్ళు నిండి, చాసిస్, బాడీ షెల్, ఇంజను మార్చకుండా మూలరూపంలో ఉన్న బండికి ప్రత్యేకమైన నమోదు, నంబరు పలకమీద వి.ఎ. అక్షరాలు. క్రొత్త నమోదుకు 20,000 రూపాయలు, తరువాతి పునర్నమోదుకు 5000 రూపాయలు. నిత్యవ్యవహారానికి మాత్రం వాడరాదు. మా మేనమామగారి బండికి యాభై నిండాయి. నల్లని తోలుసంచి వెనుక ఒళ్ళంతా రాలిపోయి, తుదకు సగం బండిని క్రొత్త రేకుతో కట్టుకున్నాక, ఇది మూలరూపమని నేను ఏ ముఖంతో దరఖాస్తు వ్రాయను?

ఫియట్ మిత్రులకు ఒక విన్నపం. ఆ పూతను ఒక్కచోట, అరచేతి మేర, టైరు వెనుక అడుగు మూలలో గీకి చూడండి. మెరిసే లోహం కనబడితే ఈ టపా క్రింద నన్ను నాలుగు తిట్లు తిట్టండి, చెరపను. లేకపోతే ఏ ఆదివారం ఉదయమైనా మా ఇంటికి రండి. వాన వెలిసిన మరునాడైతే నేను జాకీ ఎత్తి, పైపు పట్టుకుని గూళ్ళు కడుగుతూనే ఉంటాను.