విమానం దిగాక అందే సాయం ఎవరికి?

1895లో సరోజినీ నాయుడు ఇంగ్లండుకు వెళ్లి చదువుకున్నది నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో. మతం చూడకుండా ప్రతిభను సముద్రాలు దాటించిన చరిత్ర ఈ నేలది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీలకు విదేశీ విద్యా పథకం ప్రకటించినప్పుడు అందుకే మేము మనసారా స్వాగతించాము.

20 లక్షల రూపాయల వరకు సాయం. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలు దాటరాదు. కాగితం మీద లోటేమీ లేదు. లోటంతా చెల్లింపు వరుసలో ఉంది. విద్యార్థి పరాయి దేశంలో దిగినట్టు రుజువు చూపాకే తొలి వాయిదా అందుతుంది. వీసా కోసం చూపవలసిన బ్యాంకు నిల్వ, విశ్వవిద్యాలయానికి ముందుగా కట్టవలసిన రుసుము పేదవాడు ఎక్కడినుంచి తేవాలి?

భద్రాచలం ఏజెన్సీలో ఈ ప్రశ్న మరింత పదునైనది. 1/70 చట్టం ఆదివాసులకు రక్షణ కవచం. దానితో మాకు పేచీ లేదు. కాని ఆ ఊళ్లలో గిరిజనేతరుల ఇంటిని తాకట్టు పెట్టుకొని రుణమిచ్చే బ్యాంకు దొరకడం గగనం. ఇక మిగిలింది వడ్డీ వ్యాపారి గడప. విద్యారుణాలపై వడ్డీ భారాన్ని మోసిన 'పఢో పరదేశ్' పథకాన్ని సైతం కేంద్రం 2022-23 నుంచి ఎత్తివేసింది.

అప్పు పుట్టినవాడికే అందే సాయం పేదల పథకం ఎలా అవుతుంది? ఎంపికైన నాడే హామీ పత్రం ఇవ్వాలి. తొలి వాయిదాను ప్రయాణానికి ముందే నేరుగా విశ్వవిద్యాలయానికి చెల్లించాలి. ఇది దానం కాదు, హక్కు. ఖమ్మం, కొత్తగూడెం కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణికి ఈ డిమాండుతో కుటుంబాలుగా కదలుదాం.