‘ఓపెన్ చేశాక చూద్దాం’ అంటే కుదరదు

మోకాలు మార్పించుకుని పన్నెండేళ్లయిన ఒక పెద్దావిడ మళ్లీ నొప్పితో నా దగ్గరికి వచ్చారు. ఎక్స్‌రే తీయించాం. ఇంప్లాంట్ కాస్త వదులైంది, ఎముక పెద్దగా పోలేదు అని కేసు షీట్‌లో రాశాను. థియేటర్లో తొడ ఎముక మీది లోహపు తొడుగు ఊడదీశాక చూస్తే దాని వెనక ఎముకే లేదు. బూడిదరంగు మెత్తటి పదార్థం తీసేస్తే ఆ గుంతలోకి నా బొటనవేలు కణుపు దాకా దిగింది. ఎముక లోటు పూడ్చడానికి బల్ల మీద ఉన్నవి 5, 10 మిల్లీమీటర్ల లోహపు బిళ్లలు. అంత పెద్ద గుంతను పూడ్చే లోహపు కోన్ ఊళ్లోనే లేదు. సిమెంటు నింపి, పొడవాటి కాడ దించి, కుట్లు వేసి బయటికొచ్చాను. ఆ తప్పు నాది. ఇప్పటికీ ఆ ఎక్స్‌రే నా బల్ల సొరుగులోనే ఉంది.

పాత ఇంప్లాంట్ తీసి కొత్తది వేసే రివిజన్ సర్జరీలో ఎముక ఎంత పోయిందో ముందే తేల్చలేం, ఓపెన్ చేశాక చూసుకోవచ్చు అన్న మాట మా వృత్తిలో బాగా పాతుకుపోయింది. పెద్ద సర్జన్లూ అంటారు, వాళ్ల దగ్గర నేర్చుకునే పిల్లలూ అదే అంటారు. దానికి ఆధారం లేకపోలేదు. ప్రపంచమంతా వాడే ఏఓఆర్ఐ వర్గీకరణ, అంటే అమెరికాలోని ఆండర్సన్ సంస్థ నుంచి వచ్చిన పద్ధతి, తుది నిర్ణయాన్ని పాత ఇంప్లాంట్ తీశాకే చేయమంటుంది. కీలు పక్కనున్న మెత్తటి ఎముక గట్టిగా ఉంటే ఒకటో రకం. ఒకవైపు దెబ్బతింటే 2ఏ, రెండువైపులా అయితే 2బీ. ఆ భాగం చాలామటుకు పోతే మూడు. చివరి అంకె థియేటర్లో వేయాల్సిందే, ఒప్పుకుంటాను. అంతమాత్రాన మొదటి అంకె వేసే బాధ్యత తప్పిపోతుందా? పునాది తవ్వేటప్పుడు నేల ఎలాగూ తెలుస్తుంది కదా అని మట్టి పరీక్ష మానేసే మేస్త్రీకి ఎవరు ఇల్లు అప్పగిస్తారు?

అసలు ఎక్స్‌రే ఎందుకు మోసం చేస్తుందో చూడాలి. పక్కనుంచి తీసిన ఫిల్ములో లోహపు తొడుగు తెల్లగా మెరుస్తూ తొడ ఎముక చివరి గుబ్బలను పూర్తిగా కప్పేస్తుంది. ఎముక ఎక్కువగా కొరుక్కుపోయేది సరిగ్గా ఆ తొడుగు వెనకే. ఇంప్లాంట్‌లోని ప్లాస్టిక్ అరిగి రాలిన సన్నని పొడిని శరీరంలోని కణాలు మింగి, రెచ్చిపోయి, ఎముకను కరిగించే కణాలను ఉసిగొల్పుతాయి. ఇది ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా సాగే పని. పైగా ఎముకలో ఖనిజం సుమారు 30 శాతం తగ్గితే తప్ప మామూలు ఫిల్ములో తేడా కనబడదు. కింద కాలి ఎముక టిబియా మీది పళ్లెం దగ్గర ఎక్స్‌రే కిరణం కొన్ని డిగ్రీలు వాలితే చాలు, వదులైనట్టు చెప్పే నల్లటి గీత మాయమవుతుంది. కాబట్టి ఫిల్ములో కనబడిన నష్టం కన్నా అసలు నష్టం ఎక్కువే ఉంటుందని అనుకుని మొదలుపెట్టాలి.

లోహం ఉంటే సీటీ స్కాన్ చెదిరిపోతుంది, ఎందుకు దండగ అంటారు. ఆ మాటకు కాలం చెల్లింది. లోహపు చారలను తగ్గించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చాలా యంత్రాల్లో ఉంది. ఖర్చు మాటా చెప్తారు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టినప్పుడు రివిజన్ ఇంప్లాంట్‌కు పన్ను కాక 1,13,950 రూపాయలు నిర్ణయించింది. అంత సొమ్ము పెట్టే మనిషికి కొన్ని వేల రూపాయల స్కాన్ భారమని మనం దయ చూపడం నాకు మింగుడుపడదు. ఆ మాత్రం వీలు కూడా లేని చోట ఏటవాలుగా ఇంకో రెండు ఎక్స్‌రేలు తీయొచ్చు, అవతలి మోకాలికీ ఎక్స్‌రే తీసి పోల్చొచ్చు, మొదటి ఆపరేషన్ తర్వాతి ఫిల్ము తెప్పించుకోవచ్చు. ఇన్‌ఫెక్షన్ ఉందా అన్నది మాత్రం ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేసి, అవసరమైతే కీలులోంచి నీరు తీసి ముందే తేల్చాలి. చీము ఉన్న మోకాలికి లెక్కంతా వేరు.

ముందు లెక్క లేకపోతే ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. తొడ ఎముక చివర అరిగిపోయిందని గుర్తించకుండా మిగిలినదాని మీదే కొత్త తొడుగు బిగిస్తే కీలు గీత పైకి జరుగుతుంది. మోకాలిచిప్ప ఆ గీతకన్నా కిందికి దిగినట్టవుతుంది. కాలు వంగదు, మెట్లు ఎక్కలేరు. పక్క లిగమెంటు అంటుకున్న గుబ్బే పోతే మామూలు ఇంప్లాంట్ నిలవదు, తలుపు బందులాంటి హింజ్ కావాలి. అది అప్పటికప్పుడు దొరికే వస్తువు కాదు. గుంతలు పూడ్చే కోన్లు, స్లీవ్‌లు కూడా అంతే. మన జిల్లా కేంద్రాల్లో ఇవి అలమరాలో ఉండవు, కంపెనీ వాళ్లు ఆ ఒక్క కేసు కోసం పెద్ద ఊరినుంచి పెట్టెలు తెస్తారు. ఏ పెట్టె తేవాలో ముందురోజే చెప్పగలగాలి. చెప్పలేని సర్జన్ పెట్టెలో ఏది ఉంటే దానికి తగ్గట్టు ఎముకను కోస్తాడు. అప్పటికే తరిగిపోయిన ఎముక మళ్లీ తరుగుతుంది.

ముందే తెలియాల్సిన మరో సంగతి, పాత ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఏ సైజుది అన్నది. ఆపరేషన్ రోజున పెట్టె మీది స్టిక్కర్లు కేసు షీట్‌లో అంటిస్తారు. చాలామంది ఇళ్లకు ఆ కాగితం చేరదు. ఏళ్ల తర్వాత ఆస్పత్రిలో అడిగితే పాత ఫైళ్లు లేవంటారు. మోకాలు మార్పించుకున్న ప్రతివాళ్లూ డిశ్చార్జి రోజునే ఆ స్టిక్కర్ల నకలు, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే అడిగి తీసుకోవాలి. రివిజన్‌కు వెళ్లేటప్పుడు సర్జన్‌ని సూటిగా అడగండి: ‘డాక్టరు గారూ, ఎముక ఎంత పోయిందని మీ అంచనా? అంతకన్నా ఎక్కువ పోయి ఉంటే ఏం పెడతారు? అది ఆ రోజు ఇక్కడ ఉంటుందా?’ ఆ పెద్దావిడ నన్ను ఈ మూడూ అడిగి ఉంటే, మూడోదానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు.