రసీదు లేని బేరము

బాన్సువాడ వంటి పట్టణములలో సెల్‌ఫోను కొనబోయినవారికి కొన్ని అంగళ్లలో నొక మాట వినబడుట కద్దు: “రసీదు వలదన్నచో ధర తగ్గింతుము.” ఇది లాభమని మురియువారు లెక్క చూడవలయును.

పన్నుకు ముందు 20,000 రూపాయల ధర గల ఫోనుపై నూటికి 18 వంతున పన్ను 3,600 రూపాయలు. అందు సగము కేంద్రమునకు, సగము మన రాష్ట్రమునకు చేరవలసినది. రసీదు లేనిచో ఈ సొమ్ము ప్రజల ఖజానాకు చేరదు. పోనీ, కొన్నవానికైనను దక్కునా? కొంత వర్తకుని సంచిలోనే నిలుచును. నెల తిరుగక మునుపే ఫోను చెడినచో వారంటీ కోరుటకును, వినియోగదారుల కమీషను నెదుట నిలుచుటకును ఆధారము కఱవగును.

పన్ను హెచ్చని కొందఱందురు. ఆ మాటను మేము త్రోసిపుచ్చము. 2020 ఏప్రిలు 1వ తేదీకి పూర్వము ఫోనులపై పన్ను నూటికి 12 మాత్రమే గదా! తగ్గింపుడని బహిరంగముగా నడుగవచ్చును. 32 అంగుళములకు మించిన టెలివిజనులపై నూటికి 28గా నుండిన పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 18కి దిగినది.

పన్ను నిరాకరణము తెలుగువా రెఱుగని విద్య కాదు. 1921-22లో గుంటూరు సీమయందలి పెదనందిపాడు రైతులు పరప్రభుత్వమునకు పన్ను లీయమని పట్టపగలు చాటి, జప్తుల కోర్చిరి. నేడు రాజ్యము మనది, ఖజానా మనది. అంగడి చాటున నెగవేసిన పన్ను భారము నిజాయితీగా చెల్లించు పొరుగువానిపై బడును.

బాన్సువాడ పౌరులారా! ధర యడుగుటకు ముందే రసీదు నడుగుడు.